సెప్టెంబరు 17 దినోత్సవం - చారిత్రక పత్రాలు

సెప్టెంబరు 17 దినోత్సవం, 1948లో హైదరాబాదు సంస్థానంలో నిజాము స్వతంత్ర పాలన ముగిసి ఆ సంస్థానం భారత యూనియన్ అధీనంలోకి వచ్చిన సందర్భాన్ని స్మరిస్తూ హైదరాబాదు నగరంలోను, పూర్వ సంస్థానపు జిల్లాలలోను ప్రతి సంవత్సరం జరిగే వార్షికోత్సవం. దీనిని విమోచన దినం, విలీన దినం, జాతీయ సమైక్యతా దినోత్సవం, ప్రజాపాలన దినోత్సవం, సాయుధ పోరాట వారోత్సవాల ముగింపు దినం అని వివిధ ప్రభుత్వాలు, పార్టీలు వేర్వేరు పేర్లతో పిలుస్తున్నాయి. ఒకే తేదీకి ఇన్ని పేర్లు ఏర్పడడానికి రాజకీయ కారణాలతో పాటు ఆధార పత్రాల స్వభావం కూడా ఒక కారణం. ఆనాటి పత్రాలు పలు భాషలలో, పలు నగరాలలో చెదిరి ఉన్నాయి. ఒక్కొక్క పత్ర సముదాయం ఆ సంఘటనను ఒక్కొక్క విధంగా చూపుతుంది. ప్రభుత్వ పత్రాలలో నమోదు కాని గ్రామీణుల మరణాలు చాలావరకు స్తూపాలలోను, స్మృతులలోను మాత్రమే నిలిచి ఉన్నాయి.

నేపథ్యం

1948 నాటికి హైదరాబాదు సంస్థానంలో 16 జిల్లాలు ఉండేవి. వీటిలో 8 తెలుగు జిల్లాలు, 5 మరాఠీ జిల్లాలు, 3 కన్నడ జిల్లాలు. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థాన జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. 1947 జూన్‌లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, బ్రిటిషు వారి సార్వభౌమాధికారం ముగిసిన పిదప తమ సంస్థానం స్వతంత్రంగా ఉంటుందని ఫర్మానా జారీ చేశాడు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ 1947 ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలనే ఉద్యమాన్ని ప్రారంభించింది. కమ్యూనిస్టు పార్టీ, ఆంధ్ర మహాసభల నాయకత్వంలో రైతాంగ పోరాటం అప్పటికే నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో విస్తరించి ఉన్నది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాముకు మధ్య ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరినది. ఒడంబడిక అమలు విషయంలో ఇరుపక్షాలు ఒకరినొకరు నిందించుకున్నాయి. ఈ కాలంలోనే ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు పెరిగినవి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించినది. సైనికంగా దీనిని ఆపరేషన్ పోలో అని, వాడుకలో పోలీసు చర్య అని అంటారు. షోలాపురం వైపు నుండి మేజర్ జనరల్ జె.ఎన్.చౌదురి, బెజవాడ వైపు నుండి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర సేనలను నడిపించారు.

తేదీలను నిర్ణయించే పత్రాలు

హైదరాబాదు భారతదేశంలో కలిసినది ఏ రోజు అనే ప్రశ్నకు ఆధార పత్రాలు ఒకే సమాధానం ఇవ్వవు. అవి చూపే ముఖ్యమైన తేదీలు ఇవి:

1948 సెప్టెంబరు 17: ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసినది. ఆ సాయంత్రం నిజాము దక్కన్ రేడియోలో ప్రసంగించి కాల్పుల విరమణను ప్రకటించాడు. వార్షికోత్సవానికి ఆధారమైన తేదీ ఇదే.

1948 సెప్టెంబరు 18: నిజాము సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, నగర శివార్లలో జె.ఎన్.చౌదురి ఎదుట లాంఛనంగా లొంగిపోయాడు. చౌదురి మిలిటరీ గవర్నరుగా బాధ్యతలు చేపట్టాడు.

1948 సెప్టెంబరు 22, 23: ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఆగస్టులో దాఖలైన హైదరాబాదు ఫిర్యాదును ఉపసంహరిస్తున్నట్లు నిజాము తంతి పంపాడు. మరునాడు రేడియో ప్రసంగంలో దీనిని ప్రజలకు తెలియజేశాడు.

1949 నవంబరు 23: భారత రాజ్యాంగమే హైదరాబాదు రాష్ట్రానికి కూడా వర్తిస్తుందని నిజాము ఫర్మానా జారీ చేశాడు.

1950 జనవరి 26: రాజ్యాంగం అమలులోకి వచ్చి హైదరాబాదు బి భాగపు రాష్ట్రంగా ఏర్పడినది. నిజాము రాజప్రముఖ్ అయ్యాడు. ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రిగా నియమించబడ్డాడు.

పై వరుసను బట్టి సెప్టెంబరు 17 యుద్ధం ఆగిన రోజు, 18 సైన్యం లొంగిన రోజు, 1950 జనవరి 26 రాజ్యాంగపరమైన కలయిక పూర్తి అయిన రోజు అని చెప్పవచ్చును. ఇతర సంస్థానాధీశులలో అత్యధికులు 1947లోనే ప్రవేశ పత్రాలపై సంతకాలు చేయగా నిజాము అప్పుడు చేయలేదు. అందువలన హైదరాబాదు విషయంలో ఒకే ఒక్క సంతకాన్ని, ఒకే ఒక్క తేదీని చూపడం సాధ్యం కాదు.

పత్రాలు భద్రపరచిన స్థలాలు

తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖ పరిశోధన సంస్థ: ఇది హైదరాబాదు తార్నాకలో ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర కాలంలో ఇదే భవనం ఆంధ్ర ప్రదేశ్ పురాభిలేఖ సంస్థగా ఉండేది. నిజాముల కాలపు దఫ్తర్లలోని కాగితాలు ఈ సంస్థకు మూలనిధి. ఇక్కడ నాలుగు కోట్లకు పైగా పత్రాలు ఉన్నాయి. వీటిలో అధిక భాగం పారశీక, ఉర్దూ భాషలలో ఉన్నవి. నిజాము ప్రభుత్వపు రాజపత్రమైన జరీదా సంచికలు 1947-48 నాటి ఉత్తర్వులు తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం.

ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖ భాండాగారం: సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ నిర్వహించిన సంస్థానాల మంత్రిత్వ శాఖ దస్త్రాలు ఇక్కడ ఉన్నాయి. ఆ శాఖ కార్యదర్శి వి.పి.మీనన్ 1956లో ప్రచురించిన గ్రంథం ఆ ప్రభుత్వ దృక్పథాన్ని వివరిస్తుంది.

ఐక్యరాజ్యసమితి: 1948 సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి హైదరాబాదు ఫిర్యాదును చర్చకు తీసుకున్నది. ఆ సమావేశపు నివేదికలు సమితి అధికారిక పత్రాలలో ముద్రించబడ్డాయి.

పత్రికలు: సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక, అడివి బాపిరాజు కొంతకాలం సంపాదకత్వం వహించిన తెలుగు మీజాన్, షోయబుల్లాఖాన్ నడిపిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ ఈ కాలానికి ముఖ్యమైనవి. భారత యూనియన్‌లో చేరికను సమర్థించిన షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురయ్యాడు. సియాసత్ ఉర్దూ దినపత్రిక 1949 ఆగస్టు 15న, అనగా సైనిక చర్య తర్వాత వచ్చిన తొలి స్వాతంత్ర్య దినం నాడు ప్రారంభమైనది.

ఛాయాచిత్రాలు: 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాదు వచ్చినపుడు బేగంపేట విమానాశ్రయంలో నిజాము ఆయనకు నమస్కరిస్తున్న ఛాయాచిత్రం ఈ వార్షికోత్సవ సందర్భాలలో తరచుగా ప్రచురించబడుతుంది. అది 1948 సెప్టెంబరు 17 నాటి చిత్రమని పొరబడడం కద్దు. నిజానికి ఆ చిత్రం దాదాపు ఐదు నెలల తర్వాతది.

భాష, కాలమానం, జిల్లాల సరిహద్దులు

ఈ పత్రాలను పరిశీలించేవారికి మూడు విషయాలలో అవగాహన అవసరం.

మొదటిది భాష. 1884 నుండి సంస్థానంలో ఉర్దూ అధికార భాష. అందుచేత తెలుగు గ్రామాలలో జరిగిన సంఘటనలు కూడా పోలీసు, రెవెన్యూ దస్త్రాలలో ఉర్దూలోనే నమోదయ్యాయి. గ్రామస్థుల పేర్లు, ఊర్ల పేర్లు ఉర్దూ లిపిలో వ్రాయబడినందున వాటిని తిరిగి తెలుగులోకి తెచ్చేటపుడు తేడాలు వస్తాయి.

రెండవది కాలమానం. సంస్థానంలో ఫసలీ సంవత్సరం వాడుకలో ఉండేది. ఇక్కడి ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ మాసంతో మొదలయ్యేది. ఫసలీ 1357వ సంవత్సరం సుమారుగా 1947 అక్టోబరు నుండి 1948 అక్టోబరు వరకు ఉంటుంది. యథాతథ ఒడంబడిక, రజాకార్ల దాడులు, సైనిక చర్య అన్నీ ఈ ఒక్క ఫసలీ సంవత్సరంలోనే జరిగినవి. ఫసలీ తేదీని పొరపాటున మార్చినచో సంఘటనల వరుస తారుమారు కాగలదు.

మూడవది జిల్లాల సరిహద్దులు. 1948లో వరంగల్లు జిల్లాలో ఖమ్మం కూడా భాగంగా ఉండేది. జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోను, పరకాల ప్రాంతం కరీంనగర్ జిల్లాలోను ఉండేవి. 1953లో ఖమ్మం వేరు జిల్లా అయినపుడు జనగామ వరంగల్లు జిల్లాలోకి వచ్చినది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జరిగిన పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి వేరువేరు జిల్లాలుగా ఏర్పడినవి. కాబట్టి నేటి జనగామ జిల్లాలోని ఒక గ్రామానికి చెందిన 1946 నాటి దస్త్రాన్ని నల్లగొండ జిల్లా కాగితాలలో వెదకవలసి ఉంటుంది. నేటి మహబూబాబాదు జిల్లాలోని మరిపెడకు సంబంధించిన దస్త్రాలకు పూర్వ వరంగల్లు జిల్లా కాగితాలను చూడవలెను.

వరంగల్లు ప్రాంతపు సంఘటనలు

వార్షికోత్సవ సభలలో పేర్కొనే సంఘటనలలో అనేకం ఈ ప్రాంతానికి చెందినవే. వీటిలో కొన్ని త్రివర్ణ పతాకం ఎగురవేయడానికి సంబంధించినవి. సంస్థానంలో ఆనాడు ఆ పతాకాన్ని బహిరంగంగా ఎగురవేయడం శిక్షకు కారణమయ్యేది. 1947 ఆగస్టు 15న ఆ పతాకాన్ని ఎగురవేసినందుకు స్వామి రామానంద తీర్థ హైదరాబాదులో నిర్బంధించబడ్డాడు.

కడవెండి: 1946 జూలై 4న నేటి జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలోని ఈ గ్రామంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరునిగా ఆయనను స్మరిస్తారు.

వరంగల్లు కోట: 1946 ఆగస్టు 11న పతాకావిష్కరణ సందర్భంగా జరిగిన దాడిలో బత్తిని మొగిలయ్య మరణించాడు.

పరకాల: 1947 సెప్టెంబరు 2న పతాకం ఎగురవేయడానికి గుమికూడిన జనంపై జరిగిన కాల్పులలో ఇరవై మందికి పైగా మరణించినట్లు స్థానిక చరిత్రలు తెలుపుతున్నాయి. వారి స్మృతికి పరకాలలో అమరధామం నిర్మించబడినది. పరకాల ప్రస్తుతం హనుమకొండ జిల్లాలో ఉన్నది.

బైరాన్‌పల్లి: 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాము పోలీసులు ఈ గ్రామంపై దాడి చేశారు. గ్రామస్థులు బురుజుపై నుండి ప్రతిఘటించారు. మృతుల సంఖ్య వేర్వేరు రచనలలో వేర్వేరుగా కనిపిస్తుంది. దాడి జరిగిన మూడు వారాలకే సంస్థాన ప్రభుత్వం కూలిపోయినది. కొంతకాలం వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ గ్రామం ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్నది. నాటి బురుజు నేటికీ నిలిచి ఉన్నది.

మరిపెడ సమీపంలోని చిన్నగూడూరు, కవి దాశరథి కృష్ణమాచార్య జన్మించిన గ్రామం. 2016కు పూర్వం ఇది మరిపెడ మండలంలోనే ఉండేది. ఆయన నిజాము పాలనను వ్యతిరేకించి వరంగల్లు, నిజామాబాదు జైళ్ళలో శిక్ష అనుభవించాడు. నిజామాబాదు జైలులో గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాశాడు. ఆయన సహఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి తర్వాతి కాలంలో జైలు లోపల అనే కథా సంపుటిని వెలువరించాడు. దాశరథి తొలి కవితా సంపుటి అగ్నిధార 1949లో వెలువడినది. జైలు రికార్డులలో తేదీలుగా, సంఖ్యలుగా మాత్రమే మిగిలే అనుభవానికి ఇటువంటి రచనలు పూరకంగా ఉన్నాయి.

సుందర్‌లాల్ సంఘం నివేదిక

సైనిక చర్య సమయంలోను, ఆ తర్వాతను జరిగిన హింసను తెలుసుకోవడానికి భారత ప్రభుత్వం పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ఒక సంఘాన్ని పంపినది. ఈ సంఘం 1948 నవంబరు, డిసెంబరు నెలలలో సంస్థానంలోని 9 జిల్లాలలో పర్యటించినది. రజాకార్ల అకృత్యాలను ప్రస్తావిస్తూనే, సైనిక చర్య సమయంలోను ఆ తర్వాతను ముస్లింలపై ప్రతీకార దాడులు జరిగినవని, కనీసం 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని సంఘం అంచనా వేసినది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అధికంగా నష్టపోయినట్లు పేర్కొన్నది.

ఈ నివేదిక దశాబ్దాల పాటు బహిర్గతం కాలేదు. 2013 నాటికి అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినట్లు వెల్లడైనది. ఈ గ్రంథాలయం పేరు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా మార్చబడినది. ఒక వర్గానికి సెప్టెంబరు 17 విముక్తి స్మృతి కాగా, ఈ నివేదికలోని గ్రామాల కుటుంబాలకు అదే నెల వియోగ స్మృతి అయినది. దినోత్సవానికి ఏ పేరు పెట్టవలెనన్న చర్చలో ఈ నివేదిక తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

మరొకవైపు, సైనిక చర్యతో తెలంగాణ రైతాంగ పోరాటం ముగియలేదు. కమ్యూనిస్టు దళాలకు, భారత సైన్యానికి మధ్య పోరాటం 1951 అక్టోబరు వరకు కొనసాగినది. ఈ మూడు సంవత్సరాలలో మరణించినవారు, నిర్బంధించబడినవారు సెప్టెంబరు 17 నాటి విజయగాథలో ఇమడరు.

సమరయోధుల పింఛను పత్రాలు

భారత ప్రభుత్వం 1972 ఆగస్టు 15న స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకాన్ని ప్రారంభించినది. 1980 నుండి దీనిని స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ పథకంగా పిలుస్తున్నారు. హైదరాబాదు సంస్థాన ఉద్యమంలో పాల్గొన్నవారిని, సంస్థానం వెలుపల సరిహద్దులలో నడిచిన శిబిరాలలో పనిచేసినవారిని కూడా తర్వాత దీని పరిధిలోకి తీసుకున్నారు. సాధారణంగా కనీసం ఆరు నెలల జైలు శిక్ష అర్హతగా ఉండేది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఇది మూడు నెలలు.

దరఖాస్తుదారులు జైలు ధ్రువపత్రం, న్యాయస్థానపు ఉత్తర్వు, అజ్ఞాతవాసం విషయంలో ప్రభుత్వ వారంటు వంటి ఆధారాలు చూపవలసి ఉండేది. అవి లభ్యం కానిచో తోటి ఖైదీలైన సమరయోధుల ధ్రువీకరణను అడిగేవారు. ఈ దరఖాస్తుల మూలంగా ఎందరో సాధారణ రైతుల అనుభవాలు మొదటిసారిగా ప్రభుత్వ దస్త్రాలకు ఎక్కినవి. అదే సమయంలో, జైలుకు పోకుండా దళాలకు అన్నం వండి పెట్టినవారు, వార్తలు చేరవేసినవారు, దాడులలో ఇండ్లు కోల్పోయినవారు చూపదగిన కాగితం లేనందున జాబితాలకు వెలుపలనే ఉండిపోయారు.

స్మృతి రచనలు, మౌఖిక చరిత్ర

ప్రభుత్వ పత్రాలలోని లోపాలను కొంతవరకు స్మృతి రచనలు పూరిస్తున్నాయి. భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాదులో ఉన్న కె.ఎం.మున్షీ, నిజాము ప్రధాని లాయక్ అలీ, స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ, కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య తమతమ దృక్పథాలతో గ్రంథాలు వ్రాశారు. ఒకే సంఘటనను ఈ ఐదుగురు వేర్వేరుగా వివరించడం గమనించవచ్చును.

పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వారి మాటలలోనే నమోదు చేసి స్త్రీశక్తి సంఘటన 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే గ్రంథాన్ని వెలువరించినది. తెలుగులో మౌఖిక చరిత్రకు ఇది ముఖ్యమైన ఉదాహరణ.

వార్షికోత్సవం, ప్రభుత్వ ఉత్తర్వులు

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు రాష్ట్రాలలో కలిసిపోయినది. అప్పటి నుండి ఈ దినోత్సవం మూడు దారులలో సాగినది.

మహారాష్ట్రలో దీనిని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా అధికారికంగా జరుపుతారు. కర్ణాటకలో 1990ల చివరి నుండి హైదరాబాదు-కర్ణాటక విమోచన దినంగా జరిగినది. 2019లో ఆ ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని పేరు మార్చిన పిదప కల్యాణ కర్ణాటక ఉత్సవంగా జరుపుతున్నారు.

సమైక్య ఆంధ్ర ప్రదేశ్‌లో దీనిని అధికారికంగా జరపలేదు. భారతీయ జనతా పార్టీ విమోచన దినంగాను, వామపక్షాలు సెప్టెంబరు రెండవ వారంలో సాయుధ పోరాట వారోత్సవాలుగాను జరిపేవి. తెలంగాణ రాష్ట్ర సమితి కూడా ఆ రోజుల్లో అధికారిక ఉత్సవాన్ని కోరినది. అయితే 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఆ పార్టీ అధికారంలోకి వచ్చిన తర్వాత కూడా 2021 వరకు ప్రభుత్వ ఉత్సవం జరగలేదు.

2022లో 75వ సంవత్సరం ప్రవేశించిన సందర్భంగా హైదరాబాదులో రెండు అధికారిక ఉత్సవాలు ఒకే రోజు జరిగినవి. కేంద్ర ప్రభుత్వం సికిందరాబాదు పరేడ్ మైదానంలో హైదరాబాదు విమోచన దినోత్సవాన్ని నిర్వహించగా కేంద్ర హోం మంత్రి అమిత్ షా పాల్గొన్నాడు. రాష్ట్ర ప్రభుత్వం సెప్టెంబరు 16 నుండి 18 వరకు జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలను నిర్వహించినది. ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు పబ్లిక్ గార్డెన్స్‌లో పతాకాన్ని ఆవిష్కరించాడు. మహబూబాబాదు, జనగామ, భూపాలపల్లితో సహా జిల్లా కేంద్రాలలో పతాకావిష్కరణలు జరిగినవి.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం సెప్టెంబరు 17ను హైదరాబాదు విమోచన దినోత్సవంగా రాజపత్రంలో ప్రకటించినది. అదే సంవత్సరం సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రభుత్వం ఆ రోజును తెలంగాణ ప్రజాపాలన దినోత్సవంగా నిర్ణయించినది.

పేరుపై వివిధ వాదనలు

విమోచనం అనే పేరును సమర్థించేవారు రజాకార్ల దాడులను, పరకాల, బైరాన్‌పల్లి వంటి సంఘటనలను ఆధారంగా చూపుతారు. విలీనం అనేవారు 1949 నాటి ఫర్మానాను, నిజాము రాజప్రముఖ్‌గా 1956 వరకు కొనసాగడాన్ని ప్రస్తావిస్తారు. సమైక్యత అనేవారు అన్ని మతాల వారూ నిజాము పాలనను ఎదిరించారని చెబుతూ షోయబుల్లాఖాన్, మఖ్దూం మొహియుద్దీన్‌లను ఉదాహరిస్తారు. సాయుధ పోరాటంగా చూసేవారు కడవెండిని, 1951 వరకు సాగిన రైతు పోరాటాన్ని ముందు నిలుపుతారు. రాచరికం పోయి ప్రజల పాలన రావడం ముఖ్యమనేవారు ప్రజాపాలన అనే పేరును ఎన్నుకున్నారు.

ఈ వాదనలలో ప్రతి దానికీ ఏదో ఒక పత్ర సముదాయం ఆధారంగా ఉన్నది. ఏ ఒక్క సముదాయమూ పూర్తి చరిత్ర కాదు. ఆనాటి సంఘటనలను చూసిన తరంలో ఇప్పుడు మిగిలినవారు బహు కొద్దిమంది. ఉర్దూ లిపిని, ఫసలీ తేదీలను చదవగలిగినవారు కూడా తగ్గుతున్నారు. పరకాల, బైరాన్‌పల్లి మృతుల పేర్లను స్థానిక స్తూపాల నుండి, కుటుంబాల నుండి, పాత దస్త్రాల నుండి సేకరించి ఒకచోట సరిపోల్చినపుడే వారి సంఖ్యపై ఉన్న తేడాలు తొలగడానికి అవకాశమున్నది.